సర్వదర్శనం లేని అడవి

“అయితే మీకక్కడ సర్వదర్శనం ఉండదా?” అని అడిగారు నాన్న.

అప్పుడు మార్చి 15, ఉదయం ఏడు దాటి నాలుగు నిమిషాలు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా డైనింగ్ టేబుల్ మీద రెండు లాప్‌టాపులు, రెండు ఫోన్లు. రాజమండ్రిలో రాత్రి ఏడున్నర, నాన్న వాట్సాప్ వీడియోలో. ఆగస్టులో అమ్మా ఆయనా వస్తున్నారు. యోసమిటీ నేషనల్ పార్కు లోయలో రెండు రాత్రులు వాళ్ళని టెంటులో పడుకోబెట్టాలని నా సరదా. ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 14 దాకా టెంటు వేసుకునే స్థలాలు, అంటే సైట్లు, అన్నీ మార్చి 15 ఉదయం ఏడింటికి ఆన్‌లైన్ బుకింగ్‌కి ఒక్కసారే తెరుస్తారు. ఏడు కాగానే నేనూ మా ఆవిడా చెరో రెండు తెరలు పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాం. ఖాళీ అని చూపించిన గడి నొక్కితే, అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. పక్క గడి కూడా అంతే. అప్పర్ పైన్స్ అనే క్యాంప్‌గ్రౌండు ఒక్కదాంట్లోనే 230కి పైగా సైట్లున్నాయి. మేం ఊపిరి పీల్చుకునేసరికి శుక్ర, శనివారాల వరసల్లో ఒక్కటీ మిగల్లేదు.

నాన్నకి పద్ధతి వివరించాను. అంతా ఆన్‌లైనే, ఐదు నెలల ముందే. “మరి టికెట్ లేకుండా వచ్చినవాడో?” అన్నారు. వెనక్కి పోవాల్సిందే అన్నాను. “అదేంట్రా, కొండ మీద వెంకన్న దగ్గర కూడా అలా పంపరే!”

నవ్వేసి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పదేళ్ళుగా ఈ ఏడింటి పందెంలో పరిగెడుతున్నాను. సగం సార్లు గెలిచాను కూడా. గెలిచినప్పుడు ఇది పందెం అని కూడా అనిపించలేదు. ముందుచూపు ఉన్నవాళ్ళకి దక్కే న్యాయమైన ఫలం అనుకున్నాను.

మూడు గుమ్మాలు

తిరుమల ఏర్పాట్లని తిట్టుకోని తెలుగువాడు ఉండడు. నేనూ తిట్టుకున్నాను. కానీ దూరంగా నిలబడి చూస్తే అక్కడ ఒక తెలివి కనిపిస్తుంది. దర్శనానికి ఒకే దారి పెట్టలేదు. మూడు వందల రూపాయల టికెట్ నెలల ముందు ఆన్‌లైన్‌లో పెడతారు. అది మనలాంటివాళ్ళ గుమ్మం. వేళ్ళు చురుగ్గా, నెట్ వేగంగా ఉంటే చాలు. ఆర్జిత సేవలకి ఎలక్ట్రానిక్ డిప్, అంటే లాటరీ, పెడతారు. పేరు ఇచ్చి ఊరుకోవడమే, మీ నెట్ వేగంతో దానికి పని లేదు. ఇక మూడోది సర్వదర్శనం. చేతిలో ఏమీ లేకపోయినా వచ్చి వైకుంఠం కంపార్ట్‌మెంట్‌లో కూర్చోవచ్చు. పది గంటలు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. మధ్యలో పాలో ఉప్మానో వస్తాయి. చివరికి తలుపు తెరుస్తారు. (నాలుగో గుమ్మం, సిఫారసు ఉత్తరాలది, ఇక్కడ ఎత్తను. యోసమిటీలోనూ అలాంటిది ఒకటుంది, దాని పేరు ఆవానీ హోటలు. రాత్రికి వందల డాలర్లు పెట్టగలిగితే చాలు.)

గదులూ అంతే. కొన్ని ముందే ఆన్‌లైన్‌లో పోతాయి, కొన్ని ఆ రోజు వచ్చినవాళ్ళకి సీఆర్ఓ (సెంట్రల్ రిసెప్షన్) ఆఫీసులో ఇస్తారు. ఏదీ దొరక్కపోతే యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తీసుకుని హాల్లో పడుకుంటారు. సుఖం సంగతి దేవుడెరుగు, గేటు దగ్గర మాత్రం ఎవరినీ తిప్పి పంపరు.

యోసమిటీ లోయలో ఇప్పుడు దాదాపుగా మొదటి గుమ్మమే మిగిలింది. నార్త్ పైన్స్ అనే ఇంకో క్యాంప్‌గ్రౌండుకి ఈమధ్య లాటరీ లాంటిది పెట్టారు, సంతోషం. మూడో గుమ్మం ఒకప్పుడు ఉండేది. దాని పేరు క్యాంప్ 4.

నేను 2016లో మొదటిసారి పడుకున్నది అక్కడే. యోసమిటీ జలపాతానికి దగ్గర్లో, బండలెక్కేవాళ్ళ పాత అడ్డా. అమెరికా పర్వతారోహణ చరిత్రలో దానికున్న చోటు వల్ల 2003లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి కూడా ఎక్కింది. రిజర్వేషన్ లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్తే అప్పటికే సైట్లిచ్చే చిన్న గది, కియోస్కు ముందు స్లీపింగ్ బ్యాగుల్లో పాతిక మంది వరసగా పడుకుని ఉన్నారు. మా వాడొకడు తెనాలివాడు, “ఒరేయ్, ఇది అచ్చం మన క్యూ కాంప్లెక్సేరా” అన్నాడు. తొమ్మిదికి మా వంతు వచ్చింది. మనిషికి ఆరు డాలర్లు. ఒక్కో సైట్లో ఆరుగురు, ఎవరికెవరు పడితే వాళ్ళే. మేం ముగ్గురం, ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళు, అరవై దాటిన ఒక పెద్దాయన. ఎలుగుబంట్ల భయానికి తిండి అంతా పెట్టాల్సిన ఇనప్పెట్టె కూడా ఉమ్మడే. మా పులిహోర పక్కన వాళ్ళ జున్ను. రాత్రి పెద్దాయన గురకకి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆయనే అందరికీ కాఫీ కాచి పోశాడు.

ఇప్పుడు సీజన్లో క్యాంప్ 4 కూడా ఆన్‌లైనే. వారం ముందు, మళ్ళీ ఏడింటికే.

మూడో రాత్రి

ఇక్కడిదాకా చదివి, సైటు దొరకని అక్కసుతో రాస్తున్నాడు అనుకుంటే మీ తప్పు లేదు. నిజానికి నన్ను గుచ్చుతున్నది దొరకని ఏడాది కాదు, దొరికిన ఏడాది.

మూడేళ్ళ కిందట అప్పర్ పైన్స్‌లో శుక్ర, శని, ఆది మూడు రాత్రులు దొరికాయి. ఆదివారం రాత్రి ఉండే ఉద్దేశం మాకు మొదట్నుంచీ అంతగా లేదు. సోమవారం ఆఫీసు. అయినా తీసుకున్నాం, ఎందుకైనా మంచిదని. రాత్రికి 36 డాలర్లు. నలుగురు బిరియానీ తింటే అంతకంటే ఎక్కువే అవుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి డేరా పీకి కారెక్కుతుంటే ఒక పాత పికప్ ట్రక్కు మా పక్కన ఆగింది. ముందు సీట్లో ఆయనా ఆవిడా, మధ్యలో ఒక పిల్ల. వెనక ఐస్‌పెట్టె, పరుపు, నీలం టార్పాలిన్. “వెళ్ళిపోతున్నారా?” అని అడిగాడు. వెళ్తున్నాం అన్నాను. స్తంభానికి తగిలించిన మా చీటీ చూశాడు. దాని మీద సోమవారం తేదీ ఉంది. “మరి ఈ రాత్రికి?” అన్నాడు. బుకింగ్ మా పేరు మీదే ఉంది కానీ మేం ఉండం, కియోస్కులో అడిగి చూడండి అన్నాను. థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

నేను కారు స్టార్ట్ చేసి ఇంటికొచ్చేశాను. కియోస్కు మా దారిలోనే ఉంది. దిగి, మేం వెళ్ళిపోతున్నాం, ఈ సైటు ఖాళీ అని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేది. దారిలో ట్రేసీ ఊరి దగ్గర ట్రాఫిక్ పెరగకముందే దాటాలని తొందర. ఆయనకి సైటు ఇచ్చారో లేదో నాకు తెలియదు. ‘హౌస్‌ఫుల్’ బోర్డు కింద ఆ రాత్రి ఒక సైటు ఖాళీగా ఉండి ఉంటే, ఆ ఖాళీ నాది.

ఇది నా ఒక్కడి జబ్బయితే బ్లాగు రాయనక్కర్లేదు. మా వాట్సాప్ గ్రూపులో 15వ తేదీ రాగానే జరిగే తంతు చూస్తే తెలుస్తుంది. వెళ్ళాలో లేదో తేలనివాళ్ళు కూడా ముందు పట్టేస్తారు. రద్దుకి పది డాలర్లు పోతాయి, పోతే పోనీ అంటారు. ఒకతను మూడు వారాంతాలు పట్టి, వాతావరణం చూసుకుని రెండు వదిలేస్తాడు. వదలడం చాలాసార్లు ఆఖరి రెండు మూడు రోజుల్లోనే. అప్పుడు అది ఎవరికి దొరుకుతుంది? ఖాళీ అవగానే మెసేజ్ పంపే సర్వీసులకి డబ్బు కట్టినవాళ్ళకో, ఐదు నిమిషాలకోసారి పేజీని తట్టే స్క్రిప్టు రాసుకున్న నాలాంటి సాఫ్ట్‌వేరువాడికో. అవును, రాసుకున్నాను. పని కూడా చేసింది. ఇంతా చేసి ‘మంచి క్యాంప్‌గ్రౌండ్లు దొరకడం లేదండీ, జనం పెరిగిపోయారు’ అని పార్టీల్లో మాట్లాడతాం.

జనం పెరిగిన మాట నిజమే. 2016లో ఒక్క ఏడాదిలో యోసమిటీకి యాభై లక్షల మందికి పైగా వచ్చారు. సైట్లు తగ్గిన మాటా నిజమే. 1997 జనవరి వరదల్లో మెర్సెడ్ నది పొంగి అప్పర్ రివర్, లోయర్ రివర్ అనే రెండు క్యాంప్‌గ్రౌండ్లని తుడిచిపెట్టింది. లోయలో ఉన్న సైట్లలో దాదాపు సగం పోయాయి. ఆ రెండూ మళ్ళీ తెరవలేదు. నదికి 1987 నుంచి చట్టరక్షణ ఉంది, ఒడ్డున ఇష్టమొచ్చినట్టు కట్టుకోవడం కుదరదు. కుదరకూడదు కూడా. ఆ పాత క్యాంప్‌గ్రౌండ్ల జాగా నది మళ్ళీ తనలో కలుపుకుంటుంటే చూడడానికే బాగుంటుంది. కాబట్టి ఉన్నవాటినే పంచుకోవాలి. ఎలా పంచుకుంటున్నాం అన్నదే నా గొడవ.

మోంటానా విశ్వవిద్యాలయానికి చెందిన విల్ రైస్ బృందం 2022లో ఒక పరిశోధన ప్రచురించింది. రిజర్వేషన్ సైట్లూ, ముందు వచ్చినవాళ్ళకిచ్చే సైట్లూ రెండూ ఉన్న ఐదు నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లు తీసుకుని, ఫోన్ల లొకేషన్ సమాచారంతో ఎక్కడివాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో చూశారు. మొత్తం మీద రిజర్వేషన్ సైట్లలో ఉన్నవాళ్ళు ఎక్కువ ఆదాయం ఉన్న ప్రాంతాల నుంచి వచ్చారని తేలింది. ఆశ్చర్యం ఏముంది? ఉదయం ఏడింటికి నేను టేబుల్ దగ్గర కాఫీ తాగుతూ ఉంటాను. సెంట్రల్ వ్యాలీలో బాదం తోటలో పనిచేసే మనిషి ఆ టైముకి తోటలో ఉంటాడు. ఐదు నెలల తర్వాత ఏ శనివారం సెలవు దొరుకుతుందో అతనికి తెలియదు. నాకు తెలుసు, నా క్యాలెండర్లో ఉంటుంది.

క్యూ అంటే నాకూ భయమే

ఇదంతా మా ఆవిడతో అంటే ఒక్క ప్రశ్న వేసింది. “మీ నాన్నగార్ని తెల్లవారుజామున నాలుగింటికి కియోస్కు ముందు పడుకోబెడతారా?”

పెట్టను. నాన్నకి 71, మోకాళ్ళు సరిగా లేవు. ముందు వచ్చినవాడికే అనే పద్ధతి కూడా ఒక పందెమే. అక్కడ వేళ్ళు పరిగెడితే ఇక్కడ ఒళ్ళు పరిగెడుతుంది, అంతే తేడా. ఆ బాదం తోట మనిషికి శుక్రవారం పొద్దున్నే వచ్చి వరసలో నిలబడే తీరిక ఉంటుందా? ఉండదు. 2016లో మా క్యూలో ఉన్నవాళ్ళు ఎవరు? కుర్రాళ్ళు, బండలెక్కేవాళ్ళు, ఉద్యోగం మానేసి తిరుగుతున్నవాళ్ళు. కూలీ కుటుంబం ఒక్కటీ నాకు గుర్తులేదు. నాలుగు గంటలు కారు నడుపుకొచ్చి, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే సైటు లేదని వినడం కన్నా, ఐదు నెలల ముందే ఇంట్లో కూర్చుని లేదనిపించుకోవడమే నయమని వాదిస్తే నా దగ్గర గట్టి జవాబు లేదు.

తిరుపతినే తీసుకుంటే, 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రి టీవీ చూసినవాళ్ళెవరూ క్యూని మెచ్చుకుంటూ వ్యాసం రాయలేరు. నేనూ రాయడం లేదు.

ఇంకో చిక్కుంది, నాన్న పోలికలోనే. దర్శనం రెప్పపాటు. ఆ రెప్పపాటు తర్వాత చోటు ఇంకొకరిది. అందుకే సర్వదర్శనం ఎవరినీ కాదనకుండా నడుస్తుంది. సైటు అలా కాదు, రాత్రంతా ఒకరిదే. క్యూ ఎంత పొడుగున్నా 230 సైట్లు 230 గానే ఉంటాయి. కాబట్టి ‘అందరికీ’ అన్న మాట ఇక్కడ కుదరదు. కుదిరేదల్లా, తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు ఎప్పుడూ ఒకే రకం మనుషులు కాకుండా చూడడం.

మా ఆఫీసులో ఒకాయన దీనికి సులువైన మందు చెప్తాడు. ధర పెంచండి, రాత్రికి 150 చేస్తే ఉత్తినే పట్టేవాళ్ళు పోతారు అని. నిజమే, పోతారు. పికప్ ట్రక్కు ఆయన కూడా పోతాడు. మిగిలేది నేనూ ఆ ఆఫీసాయనా.

కాబట్టి తిరిగి తిరిగి మూడు గుమ్మాల దగ్గరికే వస్తున్నాను. ఎక్కువ భాగం లాటరీకి ఇవ్వాలి. ఇక్కడి హాఫ్‌డోమ్ అనే పెద్ద బండ మీదకి కేబుళ్ళు పట్టుకుని ఎక్కడానికి రోజుకి సుమారు 300 మందినే వదులుతారు. దానికి పగటి పర్మిట్లు లాటరీలోనే ఇస్తారు, సీజన్ కోసం మార్చిలో ఒకసారి, తర్వాత రెండు రోజుల ముందు మళ్ళీ కొన్ని. రాలేదని తిట్టుకున్నవాళ్ళని చూశాను కానీ, నా నెట్ స్లో కాబట్టి రాలేదన్నవాళ్ళని చూడలేదు. ఇంకో నాలుగో వంతు సైట్లు ఆ రోజో ముందు రోజో వచ్చినవాళ్ళకి ఉంచాలి. తెల్లవారుజామున వరస కట్టించకుండా, పొద్దున పదింటికి అక్కడున్నవాళ్ళ పేర్లు డబ్బాలో వేసి తీసినా చాలు. మిగతావి ముందు ప్లాన్ చేసుకునేవాళ్ళకి, ఏడింటికి. ఈ నాలుగో వంతు అన్న లెక్క ఎక్కడిదంటే చెప్పలేను, నా మనసుకి తోచింది. పదోవంతయినా ఒప్పుకుంటాను.

వదిలేసే రాత్రిని వెనక్కివ్వడం కూడా మొదటి క్లిక్కంత తేలికవ్వాలి. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల విషయంలో 2023లో ఒక చట్టం చేశారు. చెప్పకుండా రానివాళ్ళకీ, ఆఖరి రోజుల్లో రద్దు చేసేవాళ్ళకీ డబ్బు పోయేలా, బాగా గిరాకీ ఉన్న కొన్ని చోట్ల లాటరీ పెట్టుకునేలా. మంచిదే. కానీ అలాంటిది యోసమిటీలో పెట్టినా నా ఆదివారం రాత్రి ఆ వలలో పడదు. నేను వచ్చాను, రెండు రాత్రులు పడుకున్నాను, ముందే వెళ్ళిపోయాను. శిక్ష వేయడానికేమీ లేదు. అలాంటివాడికి, దిగి ఐదు నిమిషాలు చెప్పి వెళ్తే సగం డబ్బు వెనక్కిస్తామని ఆశ పెట్టడమే మేలేమో. సిగ్గు పనిచేయని చోట 18 డాలర్లు పనిచేయొచ్చు.

హుండీ

ఆగస్టు ఆఖర్లో అమ్మానాన్నలతో వెళ్ళాం. లోయలో కాదు. 120వ నంబరు రోడ్డు మీద, పార్కు గేటుకి ఇవతల స్టానిస్లాస్ నేషనల్ ఫారెస్టులో, ముందు వచ్చినవాళ్ళకిచ్చే ఒక చిన్న క్యాంప్‌గ్రౌండు. ఇంకా దిగువన అడవిరోడ్ల పక్క చాలాచోట్ల ఉచితంగా టెంటు వేసుకోవచ్చు. పొయ్యి వెలిగించాలంటే ఉచిత పర్మిట్ ఒకటి చాలు, అదీ నిప్పు మీద నిషేధం లేని రోజుల్లో. అక్కడ బాత్రూమ్ ఉండదని తెలియగానే అమ్మ ఆ దారి మూసేసింది. శుక్రవారం నమ్మకం లేక గురువారం సెలవు పెట్టి పదకొండింటికల్లా చేరాం. సెలవు పెట్టగలిగాను కాబట్టి చేరాం, అదీ గమనించాను.

మూడు సైట్లు ఖాళీగా ఉన్నాయి. మనిషి ఎవరూ లేరు. ఒక బోర్డు, కవర్ల డబ్బా, నేలలో పాతిన ఇనప గొట్టం. కవరు మీద పేరు, కారు నంబరు, ఎన్ని రాత్రులో రాసి, డబ్బు అందులో పెట్టి గొట్టంలో వేయాలి. చివరి ముక్క చింపి మన సైటు స్తంభానికి తగిలించాలి. నాన్న ఆ గొట్టం చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూశారు.

“హుండీరా ఇది” అన్నారు. డబ్బు ఆయనే వేస్తానన్నారు. మూడు రాత్రులకి.

రెండో రాత్రికే అమ్మకి జలుబు చేసింది. నేలంతా చల్లగా ఉందని, పైన్ సూదులు చీరకి గుచ్చుకుంటున్నాయని, సబ్బూ టూత్‌పేస్టూ కూడా ఎలుగుబంటి కోసం పెట్టెలో దాచడమేంటని ఆమె ఫిర్యాదులు ఆమెకున్నాయి. పగలంతా లోయలో తిరిగాం. ఎల్ కాపిటాన్ అనే నిలువెత్తు బండ కింద నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. శనివారం మధ్యాహ్నం డేరా పీకేశాం.

కారు ఎక్కబోతూ నాన్న వెనక్కి వెళ్ళారు. స్తంభానికున్న చీటీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతకుముందు పావుగంట నుంచి ఒక చిన్న కారు క్యాంప్‌గ్రౌండు చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది, లోపల ఇద్దరు కుర్రాళ్ళు. నాన్న రోడ్డు మీదకి వెళ్ళి, ఆర్టీసీ బస్సు ఆపినట్టు చెయ్యెత్తి ఆపారు. వాళ్ళలో ఒకడు పర్సు తీశాడు, ఈ రాత్రికి మీరు కట్టింది ఇచ్చేస్తామని. నాన్నకి వాడి ఇంగ్లీషు అర్థమైందో లేదో కానీ పర్సు అర్థమైంది. వద్దని చెయ్యి ఊపి, ఇనప గొట్టం వైపు వేలు చూపించారు.

గ్రోవ్‌లాండ్ దాటాక అమ్మకి గుర్తొచ్చింది, ఆవకాయ సీసా ఆ పెట్టెలోనే ఉండిపోయిందని.